పత్తెం తోవ

సలాలావారు ఖరీఫ్ అని పిలిచే వానకాలం జూన్‌లో మొదలై సెప్టెంబరు వరకు ఉంటుంది. అరేబియా అంతటా ఎండ మాడ్చుచుండగా ఇక్కడి కొండలు పచ్చబడతాయి, సన్నని తుంపర విడువదు. దారిపక్క దుకాణాలలో అరటిగెలలు, కొబ్బరిబోండాలు వేలాడుతుంటాయి. జ్వరం నుండి లేచినవారికి మేము మొదట తెచ్చిపెట్టేవి ఇవే.

ఈ అలవాటు మనతో ఓడ దిగినదని పిల్లలు అనుకొంటారు. కాని 14వ శతాబ్దంలోనే ఇబ్న్ బతూతా ఈ తీరపు జఫార్ నగరానికి వచ్చి, కొబ్బరి దేహానికి బలమిచ్చి, త్వరగా ఒళ్ళు చేయించి, ముఖానికి ఎరుపు తెచ్చునని వ్రాసినాడు. ఇక్కడివారి ముఖ్యాహారం ఇండియా నుండి వచ్చే బియ్యమనీ, అనుకూలమైన గాలి దొరికితే కాలికట్ నుండి ఇక్కడికి 28 దినాల ప్రయాణమనీ చెప్పినాడు. ఆ నగర శిథిలాలే నేటి అల్ బలీద్. 2000లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది.

మా పూర్వులు దాటిన సముద్రం వేరు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడ డర్బన్ చేరిన తరువాత, నెటాలు చెరకుతోటలకు వెళ్ళిన వేలమందిలో వారొకరు. అయిదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం. భత్యంగా బియ్యం, పప్పు, ఉప్పుచేప, నేయి లేక నూనె, ఉప్పు. బియ్యానికి బదులు మొక్కజొన్నపిండి కూడ ఇచ్చేవారు. అందుచేత మా ఇంటి జ్వరపు జావ మొక్కజొన్నదే. దానిని పత్తెం అనేవారము. ఆ మాట పథ్యమనీ, పథమంటే తోవ అనీ సాయంకాలపు తరగతిలో గాని మాకు తెలియలేదు.

తోవ అంటే ఒకచోట ఆగేది కాదు గదా! వాగ్భటుని అష్టాంగహృదయంలో శోధన చికిత్స అయినవానికి ఆహారక్రమం ఇట్లే నడుస్తుంది: మొదట పలుచని పేయ, తరువాత చిక్కని విలేపి, ఆపై పప్పుకట్టు, చివరకు మాంసరసం. జఠరాగ్ని బలపడినకొద్దీ గిన్నె చిక్కబడుతుంది. మనవారు మొదటి మెట్టును గుర్తుంచుకొని తక్కినవి మరచినారు. పత్తెమంటే మానుట అని మేమూ చాలాకాలం నమ్మినాము.

నిరుటి ఖరీఫ్‌లో ఒక తెలుగు కుర్రవానికి టైఫాయిడ్ వచ్చినది. జ్వరం తగ్గి మూడు వారాలైనా, ఊరిలోని తల్లి ఫోనులో చెప్పినదని గంజినీళ్ళు తప్ప ముట్టలేదు. గోడ పట్టుకొని నడిచేవాడు. అన్నీ తినవచ్చునని డాక్టరు చెప్పినా భయం పోలేదు. మేము వంతులు వేసుకొని వండినాము: మెత్తని అన్నం, పెసరకట్టు, అరటిపండు, మజ్జిగ, ఆపై ఉడికించిన గుడ్డు. తల్లితో మేమే మాట్లాడినాము. ఆమె మొదట కోపగించి, పిదప పెసరకట్టులో మిరియాలు ఎన్ని వేసినారని అడిగినది.

పదవనాడు వాడు గోంగూర పచ్చడి కావాలన్నాడు. ఇంకా నాలుగు రోజులు ఆగమన్నాము. మాలో ఇద్దరు మాత్రం పెట్టవచ్చునని నేటికీ వాదిస్తున్నారు.