కారులో దాగిన రెండో రేడియేటర్

చలికాలం ఉదయం. కారు ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డుగా ఆవిరి పట్టింది. గుడ్డతో ఎంత తుడిచినా మళ్లీ కమ్ముకుంటోంది. లోపల ఏదో తియ్యటి వాసన. ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చునేవారి కాళ్ల దగ్గర తివాచీ తడిసి, ముట్టుకుంటే జిగురుగా తగులుతోంది. వాన పడలేదు, నీళ్ల సీసా ఒలకలేదు. మరి ఈ తడి ఎక్కడిది?

మెకానిక్‌ను అడిగితే "హీటర్ కోర్ కారుతోంది" అంటాడు. మార్చాలంటే చాలా కార్లలో డాష్‌బోర్డు మొత్తం విప్పాలని కూడా చెబుతాడు. పాఠ్యపుస్తకమంత భాగం కోసం ఇంత శ్రమా? దాన్ని అంత లోతుగా ఎవరు దాచారు, ఎందుకు దాచారు? సమాధానం కోసం మనం వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

వృథా వేడికి ఉపయోగం

పెట్రోలు ఇంజన్‌లో మండిన ఇంధనపు శక్తిలో ఇంచుమించు మూడోవంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడే. అందులో కొంత పొగతో పోతుంది, కొంత ఇంజన్ చుట్టూ తిరిగే నీటిలో చేరుతుంది. ఈ నీరు సుమారు 90 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కుతుంది. ముందున్న రేడియేటర్ ఆ వేడిని బయటి గాలికి వదిలేస్తుంది. హీటర్ కోర్ అంటే అలాంటిదే మరో చిన్న రేడియేటర్. సన్నని గొట్టాల గుండా వేడినీరు ప్రవహిస్తుంటే, వాటికి అతికిన పలుచని రేకుల మీదుగా ఫ్యాను గాలిని తోస్తుంది. ఆ గాలి వెచ్చబడి మనల్ని చేరుతుంది.

ఇంత తేలికైన ఆలోచన మొదట్లోనే ఎందుకు స్థిరపడలేదు?

ఇటుకల కాలం

1886లో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు పొందినప్పుడు ఆ బండికి పైకప్పు లేదు. తొలినాటి కార్లు చాలావరకు అలాంటివే. ప్రయాణికులు కంబళ్లు కప్పుకొనేవారు. కాల్చిన ఇటుకలో, బొగ్గు నిప్పులుంచిన పెట్టెలో పాదాల దగ్గర పెట్టుకొనేవారు. 1893లో షికాగోకు చెందిన మార్గరెట్ విల్కాక్స్ 'కారు హీటర్'కు పేటెంటు పొందింది. ఆమే మోటారు కారు హీటర్‌ను కనిపెట్టిందని చాలాచోట్ల రాస్తుంటారు. అయితే ఆ రోజుల్లో అమెరికాలో 'కారు' అంటే రైలు పెట్టె అని మీరు గుర్తుంచుకోవాలి.

1919 నాటికి అమెరికాలో తయారైన కార్లలో నూటికి పది మాత్రమే తలుపులు, అద్దాలు మూసుకొనేవి. 1920ల చివరికి ఆ సంఖ్య ఎనభై దాటింది. గది మూసుకుంది కాబట్టి దాన్ని వెచ్చబరచడానికి అర్థం ఏర్పడింది.

వాసన లేని విషం

మొదట అందుబాటులో కనిపించింది పొగగొట్టం. దాని చుట్టూ రేకు తొడుగు వేసి, మధ్యలో వేడెక్కిన గాలిని లోపలికి మళ్లించేవారు. 1929లో ఫోర్డు మోడల్ ఏ కారుకు ఇలాంటి హీటర్ లభించేది. ఖర్చు తక్కువ, వేడి త్వరగా వస్తుంది.

కాని పొగగొట్టానికి పగులు వస్తే? పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నేరుగా కారులోకి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. ప్రయాణికులకు నిద్ర వస్తున్నట్టుంటుంది, అంతే. వేడినీటి హీటర్ పాడైతే తివాచీ తడుస్తుంది, వాసన వస్తుంది. తన లోపాన్ని తానే చాటుకునే యంత్రం, చాటుకోని యంత్రం కంటే మేలు కదా!

నీటిదే గెలుపు

1920ల చివరి నుంచి వేడినీటి హీటర్లు వాడుకలోకి వచ్చాయి. కాని చలిదేశాల్లో రేడియేటర్ నీరు గడ్డకట్టకుండా అందులో ఆల్కహాలు కలిపేవారు. మిథైల్ ఆల్కహాలు సుమారు 65 డిగ్రీలకే మరుగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది ఆవిరై పోయేది. ఇథిలీన్ గ్లైకాల్ మరిగేది దాదాపు 197 డిగ్రీల వద్ద. ఫ్రెంచి రసాయనవేత్త వుర్ట్జ్ 19వ శతాబ్దం మధ్యలోనే తయారుచేసిన ఈ ద్రవం 1927లో అమెరికాలో ప్రెస్టోన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. దానితో నీటిని మరింత వేడిగా ఉంచవచ్చు, హీటర్‌కూ వేడి దక్కుతుంది.

అప్పటి హీటర్ ఒక విడి పెట్టె. ఇంజన్‌కూ ప్రయాణికులకూ మధ్యనున్న గోడకు బోల్టులతో బిగించి, రెండు రబ్బరు గొట్టాలు తగిలించేవారు. మార్చడం సులభం. కాని లోపలి గాలినే మళ్లీ మళ్లీ వేడిచేయడం వల్ల ఊపిరిలోని తేమ అద్దాలపై పేరుకొనేది. 1938లో నాష్ కంపెనీ బయటి గాలిని వడపోసి, వేడిచేసి లోపలికి పంపే పద్ధతి తెచ్చింది. మరుసటి ఏడు దానికి థర్మోస్టాట్ చేర్చింది. 1954లో అదే కంపెనీ హీటర్‌ను, ఎయిర్ కండిషనర్‌ను ఒకే వ్యవస్థగా కలిపింది. 1968 నుంచి అమెరికాలో కొత్త కార్ల ముందు అద్దంపై మంచును, ఆవిరిని తొలగించే ఏర్పాటు చట్టరీత్యా తప్పనిసరి అయింది. ఇలా ఒక్కొక్క గాలిగొట్టం చేరుతూ రాగా, విడి పెట్టె డాష్‌బోర్డు గర్భంలోకి వెళ్లిపోయింది. మెకానిక్ శ్రమకు మూలం ఇదే.

లోపాన్ని ఎలా గుర్తించాలి?

విప్పడానికి ముందు ఆలోచించాలి. ఇంజన్ వేడెక్కాక కోర్‌కు వెళ్లే గొట్టాన్నీ, తిరిగి వచ్చే గొట్టాన్నీ జాగ్రత్తగా తాకి చూస్తారు. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే చాలావరకు కోర్ పూడుకుపోయినట్టు, లేదా గాలిబుడగ అడ్డుపడినట్టు. రెండూ వేడిగా ఉన్నా గాలి చల్లగా వస్తే, గాలిని మళ్లించే లోపలి రెక్కను అనుమానించాలి. ఇంజనే వేడెక్కకపోతే తప్పు థర్మోస్టాట్‌ది కావచ్చు. కాళ్ల దగ్గరి తడి రంగు లేకుండా, జిగురు లేకుండా ఉంటే అది ఎయిర్ కండిషనర్ నీరు కావచ్చు. రుచి చూసి తేల్చుకోవద్దు. గ్లైకాల్ తియ్యగా ఉన్నా విషమే. పిల్లలకూ కుక్కలకూ అందనీయకూడదు.

పూడిక మాత్రమే అయితే ఎదురు దిశలో నీరు పంపి కడిగి చూడవచ్చు. కారుతుంటే మార్చాల్సిందే. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. ద్రవాన్ని పాత్రలోకి దించి, బ్యాటరీ తీగ విప్పి, ఎయిర్‌బ్యాగులున్న కారైతే తయారీదారు చెప్పినంతసేపు ఆగాలి. ఆ తరువాతే డాష్‌బోర్డు. కొత్త కోర్ అమర్చాక సరైన ద్రవం నింపి, గాలిబుడగలను బయటికి పంపాలి.

"మా విజయవాడ ఎండల్లో హీటర్‌తో ఏం పని?" అని మీరు అడగవచ్చు. చాలా కార్లలో మీరు హీటర్ వాడినా వాడకపోయినా వేడినీరు కోర్‌లో తిరుగుతూనే ఉంటుంది. రేడియేటర్‌లో కూలెంట్‌కు బదులు బోరునీళ్లు పోస్తే అందులోని లవణాలు గారకట్టి సన్నని గొట్టాలను మూసేస్తాయి. తుప్పు నిరోధకాలు లేని నీరు లోహాన్ని తినేస్తుంది. పైగా ఇంజన్ మితిమీరి వేడెక్కుతున్నప్పుడు హీటర్ పూర్తిగా తెరిస్తే, బండిని పక్కకు ఆపేలోగా కొంత వేడి తగ్గుతుంది. రెండో రేడియేటర్ అప్పుడు అక్కరకొస్తుంది.

విద్యుత్ కారులో ఇంజన్ లేదు, పారేయడానికి అంత వేడీ లేదు. వెచ్చదనం కోసం బ్యాటరీనే ఖర్చు చేయాలి, ఆ మేరకు ప్రయాణ దూరం తగ్గుతుంది. అందుకే ఇప్పుడు పలు విద్యుత్ కార్లు బయటి గాలిలోని వేడిని లోపలికి తోడే హీట్ పంపును వాడుతున్నాయి. ఇంతకాలం ఉచితంగా దొరికిన వేడి విలువ ఎంతో ఇంజనీర్లకు ఇప్పుడే తెలిసివస్తోంది.