రాజు కనిపించని పట్నం

నైజర్ నది పశ్చిమాఫ్రికాలోని గినీ కొండల్లో పుడుతుంది. పుట్టినచోటి నుంచి అట్లాంటిక్ సముద్రం దాదాపు 240 కిలోమీటర్లే. అటు పోయి హాయిగా కలిసిపోవచ్చు. పోదు. సముద్రానికి వీపు తిప్పి ఈశాన్యంగా, సహారా ఎడారి వైపు నడుస్తుంది. టింబక్టు దగ్గర ఇసుక అంచును తాకి తూర్పుకు మళ్ళి, ఆ తర్వాత ఆగ్నేయంగా దిగి, దాదాపు 4,180 కిలోమీటర్లు తిరిగి నైజీరియాలో సముద్రం చేరుతుంది. ఈ వంకర దారి బయటివాళ్ళను శతాబ్దాలపాటు తికమక పెట్టింది. 16వ శతాబ్దంలో యాత్రికుడు లియో ఆఫ్రికానస్ అది పడమటికి పారుతుందని రాశాడు. 1796లో అన్వేషకుడు ముంగో పార్క్ సెగూ పట్నం దగ్గర ఒడ్డున నిలబడి, తూర్పుకు పారుతోందని కళ్ళారా చూశాడు. అది సముద్రంలో ఎక్కడ కలుస్తుందో తేలడానికి 1830 దాకా, ల్యాండర్ అన్నదమ్ముల దాకా పట్టింది. ఆ ఒడ్డున వలేసుకు బతికే బోజో జాలరులకు మాత్రం నది ఎటు పారుతుందన్న సందేహం ఏనాడూ లేదు.

సెగూ దాటాక, నేటి మాలి దేశం నడిమధ్యన, నేల చదునైపోతుంది. నైజరూ, దాని ఉపనది బానీ పాయలు పాయలుగా చీలి, మంచి ఏడాదిలో 20 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ముంచుతాయి. దరిదాపుల్లో సముద్రం లేని డెల్టా ఇది. గినీ కొండల్లో ఆగస్టులో పడిన వాన టింబక్టు చేరేసరికి డిసెంబరో జనవరో అవుతుంది. అంటే అక్కడ వానలు ఎప్పుడో వెనకబట్టి, ఎడారి నుంచి పొడిగాలి కొడుతుండగా వరదొస్తుంది. ఒక ఏడాది ముంచెత్తుతుంది, మరుసటేడు పొలం గట్టు కూడా తడవదు. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే తర్వాత చెప్పబోయేదంతా అర్థమవుతుంది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. ఏ పాత పట్నం పేరెత్తినా పిల్లల మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ రాజెవరు సార్?" వాళ్ళననేం లాభం, పాఠాలే అలా రాసి పెట్టాం. రాజు, కోట, యుద్ధం, మరో రాజు. ఆ ప్రశ్నకు లొంగని ఊరొకటి ఈ డెల్టాలో ఉంది. దాని పేరు జెన్నే-జెనో, అంటే పాత జెన్నే. మట్టి మసీదుతో లోకమంతా ఎరిగిన జెన్నే పట్నానికి మూడు కిలోమీటర్ల దూరంలో, వరదొస్తే లంకగా మారే 33 హెక్టార్ల దిబ్బ. పైనంతా కుండపెంకులే.

1977లోనూ, మళ్ళీ 1981లోనూ సూజన్ మెకింతోష్, రోడరిక్ మెకింతోష్ అనే భార్యాభర్తలు ఆ దిబ్బను తవ్వారు. అప్పటిదాకా చరిత్రకారుల్లో చాలామంది నమ్మకం ఏమిటంటే, పశ్చిమాఫ్రికాకు పట్నాలు ఒంటెల మీద వచ్చాయని. ఎనిమిదో శతాబ్దం తర్వాత అరబ్బు వర్తకులు సహారా దాటి వచ్చి వర్తకం మొదలుపెట్టాకే అక్కడ ఊళ్ళు పెరిగాయని. తవ్వకాల్లో అట్టడుగు పొర క్రీస్తుకు పూర్వం 250 ప్రాంతానిదని తేలింది. ఆ అడుగు పొరల్లోనే ఇనుప చిట్టెం ఉంది, వరి ఉంది, చేప ఎముకలున్నాయి, పశువుల ఎముకలున్నాయి. క్రీ.శ. 800 నాటికి చుట్టూ రెండు కిలోమీటర్ల మట్టిగోడ లేచింది. ఒంటెల బిడారులు రాకముందే అది పట్నం.

అంతకన్నా నన్ను పట్టుకున్నది మరొకటి. ఆ ఒండ్రు నేలలో రాయి దొరకదు, ఇనుప ఖనిజమూ దొరకదు. తిరగలి రాయి కావాలన్నా, కత్తికి ఇనుము కావాలన్నా ఎక్కడెక్కడి నుంచో పడవ మీద తెచ్చుకోవాలి. రాగి ఎడారి వైపు నుంచి వచ్చింది. బదులుగా ఇచ్చింది తిండి: బియ్యం, ఎండు చేపలు. ఆ బియ్యం మనం తినే రకం కాదు. ఆసియా వరితో సంబంధం లేకుండా ఆఫ్రికావాళ్ళు తామే సాగుకు తెచ్చుకున్న వేరే జాతి. బియ్యం ఎర్రగా ఉంటుంది, వరద పెరిగేకొద్దీ దుబ్బు కూడా సాగుతుంది. అది పుట్టిన చోటు ఈ డెల్టాయేనని శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది లెక్క.

ఇంత వర్తకం సాగిన ఊళ్ళో రాజమందిరం ఆనవాలు తవ్వకాల్లో దొరకలేదు. బంగారంతో పూడ్చిన రాజు సమాధీ దొరకలేదు. దొరికింది చుట్టూ దిబ్బల గుంపు. నాలుగు కిలోమీటర్ల లోపు 60కి పైగా దిబ్బలు, చాలావరకు ఒకే కాలంలో మనుషులున్నవే. ఒకదాని మీద కొలిమి చిట్టెం, మరోచోట వలగుండ్లు. కమ్మరులది ఒక దిబ్బ, జాలరులది ఒక దిబ్బ అన్నట్టు, విడివిడిగా, పిలిస్తే పలికేంత దగ్గరగా బతికారన్నమాట. ఎందుకలా? వరద నమ్మరానిది కనుక. నీళ్ళు తక్కువైన ఏడు వరి పోతుంది. నీళ్ళెక్కువైతే చేప బలుస్తుంది. అన్ని పనులూ ఒకే ఇల్లు చేయలేదు. ఎవరి పని వాళ్ళు లోతుగా నేర్చుకుని, ఒకరి మంచి ఏడాది మరొకరి చెడ్డ ఏడాదికి అక్కరకొచ్చేట్టు చూసుకున్నారు. మెకింతోష్‌ల వాదన సారాంశం ఇదే. నాకూ సబబే అనిపిస్తుంది, పైనుంచి ఒకడు శాసించి పంచిపెట్టాడనడానికి సాక్ష్యమేదీ లేదు గనుక.

ఆ పంపకం నిన్నమొన్నటి దాకా కనిపించింది. బోజోలు నీటికి పెద్దలు. ఏ పాయలో ఎప్పుడు వల వెయ్యాలో వాళ్ళు చెప్పాలి. మార్కాలది వరి, బంబారాలది మెట్ట పంటలు, ఫులానీలది పశువు. కమ్మరి కులం వేరు. మగవాళ్ళు ఇనుము కొడితే వాళ్ళ ఆడవాళ్ళు కుండలు చేస్తారు, నిప్పును లొంగదీసిన వాళ్ళని మిగతావాళ్ళకు గౌరవమూ, కాస్త జంకూ. బోజోలకూ, బండియాగరా కొండల్లోని డోగన్లకూ మధ్య మరో తమాషా కట్టుబాటు. ఆకలితో చచ్చిపోతున్న డోగన్‌కు ఒక బోజో తన తొడ కోసి పెట్టాడట. అప్పటినుంచి ఆ రెండు జాతుల మధ్య పెళ్ళి నిషిద్ధం, రక్తం చిందించడం నిషిద్ధం. ఎదురైతే మొహమ్మీదే తిట్టుకోవచ్చు, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు.

జెన్నే పుట్టుక గురించిన కథ కూడా బోజోలదే. గోడ కట్టినకొద్దీ కూలుతుంటే తపామా అనే బోజో పిల్లను ప్రాణంతోనే గోడలో పెట్టి కట్టారట. ఆమె సమాధి అని నేటికీ చూపిస్తారు. బుక్కరాయసముద్రం చెరువు కట్టకు ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంలో చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. జెన్నేలో మాత్రం ఆ కథ ఒక పని చేస్తుంది: తర్వాత వచ్చినవాళ్ళెవరైనా సరే, ఈ నేలకూ నీటికీ ముందు వెల కట్టింది బోజోలేనని ఒప్పుకోవాలి.

రాజులు అసలే రాలేదనను. టింబక్టువాడు అల్-సాదీ 17వ శతాబ్దంలో అరబ్బీలో రాసిన చరిత్రలో జెన్నే రాజొకడు కనిపిస్తాడు, కోయ్ కొన్‌బోరో. ఇస్లాం పుచ్చుకున్నాక తన మేడను తానే పడగొట్టించి అక్కడ మసీదు కట్టించాడట. చూశారా, రాజు దొరికాడనుకునేసరికి మేడ పోయింది! జెన్నే చుట్టూ 7,077 పల్లెలున్నాయనీ, దూరాన దెబో సరస్సు దగ్గరి మనిషి కావలిస్తే కోట ద్వారం దగ్గర కేక వేస్తే చాలు, పల్లె నుంచి పల్లెకు ఆ కేక అందుకుంటూ పోయేదనీ కూడా ఆయనే రాశాడు. ఆ అంకెను నేను నమ్మను. కేక సంగతి నమ్ముతాను, దిబ్బల పటం చూశాను గనుక.

పాత జెన్నే 1400 నాటికి ఖాళీ అయింది. 1470లలో సొంఘాయ్ రాజు సొన్నీ అలీ కొత్త జెన్నేను పట్టుకున్నాడు. 1818లో సేకు అమదు అనే ఫులానీ మతగురువు డెల్టా అంతటినీ ఒక రాజ్యం కిందికి తెచ్చి, ఏ మంద ఏ దారిన పోవాలి, ఏ గడ్డి మీద ఎవరిది ముందు వంతు అన్నవాటికి కట్టుదిట్టమైన ఏర్పాటు చేశాడు. ఆ రాజ్యం 1862లో కూలింది. ఆ దారులూ వంతులూ మిగిలాయి. ఏటా వరద తగ్గాక డెల్టాలోని జాఫరాబే దగ్గర మందలు నది దాటాలి. ఎప్పుడు దాటాలో పశువుల పెద్దలూ, రైతులూ కూర్చుని, నీళ్ళు ఎంత తీశాయో, వరి కోతలు ఎంతవరకు వచ్చాయో చూసి తేల్చుకుంటారు.