గుర్రం కుంటిన చోట మొదలైన పరుగు

తెల్లవారుజామున ఐదింటికి సికింద్రాబాద్ శివారు యాప్రాల్‌లో చివరి కాలనీ దాటితే కాళ్ల కింద తారు పోయి మొరం తగులుతుంది. వానలకు కోసుకుపోయిన బండ్ల బాట, దానికి అడ్డంగా ఏనుగు వీపులా లేచిన బండలు, సీతాఫలం పొదలు, తుమ్మలు. ఒక పక్క పొడుగునా మిలిటరీ వాళ్ల గోడ. ఆ చీకట్లో నుదుటికి లైటు కట్టుకుని, వీపున నీళ్ల సంచీ తగిలించుకుని, ఒకరి వెనక ఒకరు పరుగెత్తేవాళ్లు కనిపిస్తే వాళ్లు ట్రెయిల్ అల్ట్రాకు తయారవుతున్నారని అర్థం. మారథాన్ 42.195 కిలోమీటర్లు. దాన్ని మించిన దూరం ఏదైనా అల్ట్రా. రోడ్డు వదిలి గుట్టలూ అడవిబాటలూ పట్టుకుంటే ట్రెయిల్ అల్ట్రా.

నేనూ ఆ వరసలో ఒకణ్ని. పోయిన ఏడాది ఎడమ మడమ వెనక నరం పట్టేసింది. డాక్టర్ల లెక్కలో అది నరం కాదు, అకిలిస్ స్నాయువు. మా బ్యాచ్‌లో మాత్రం అందరూ నరమనే అంటారు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ వెనక తాడేదో తెగుతుందేమో అన్నంత బిగువు. గోడ పట్టుకుని పది అడుగులు వేస్తే గానీ కాలు నాది అనిపించేది కాదు. నాలుగు నెలలు మొరంబాట వైపు పోలేదు. ఆ రోజుల్లోనే ఈ పరుగు అసలెక్కడ పుట్టిందో వెతుకుతూ కూర్చున్నాను. మొదట్లోనే ఒక కుంటి కాలు ఎదురైంది. అది మనిషిది కాదు, గుర్రానిది.

కాలిఫోర్నియాలో టెవిస్ కప్ అని ఒక గుర్రాల పందెం ఉంది. వెండెల్ రోబీ అనే ఆయన 1955లో మొదలుపెట్టాడు. సియెరా నెవాడా కొండల మీదుగా 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, ఒక్క రోజులో దాటాలి. దారిలో పశువైద్యులు గుర్రాన్ని ఆపి గుండె వేగం చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. కాస్త కుంటినా దాని పందెం అక్కడితో సరి. 1973లో గోర్డీ ఏన్స్‌లీ అనే రౌతు గుర్రాన్ని 29వ మైలు దగ్గర అలాగే ఆపేశారు. మరుసటి ఏడు, 1974 ఆగస్టు 3న, ఆయన గుర్రం లేకుండానే గుర్రాలతో పాటు బయల్దేరాడు. మండే ఎండలో కాలినడకనా పరుగునా ఆ దారంతా దాటి 23 గంటల 42 నిమిషాలకు చేరాడు. ఆయనకంటే ముందు 1972లోనే ఫోర్ట్ రైలీ సైనికులు కొందరు అదే దారిని కాలినడకన పూర్తిచేశారు, కాకపోతే రెండు రోజుల్లో. 1977లో మనుషులకంటూ మొదటి పోటీ పెడితే 14 మంది వచ్చారు, చివరిదాకా చేరింది ముగ్గురే. దారిలో వాళ్లను పరీక్షించింది కూడా గుర్రాలను ఆపి చూసే చోట్లలోనే. ఆ ముగ్గురిలో 54 ఏళ్ల రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ ఒకరు. హార్వర్డ్‌లో చదివి వెళ్లినవాళ్లను ఏళ్ల తరబడి గమనించి, ఒళ్లు వంచి కదిలేవాళ్లకు గుండెజబ్బు తక్కువని చూపించిన శాస్త్రవేత్త ఆయనే. ఆ పోటీయే ఇప్పటి వెస్టర్న్ స్టేట్స్ 100. ప్రపంచంలో 100 మైళ్ల ట్రెయిల్ పరుగులన్నిటికీ అది పెద్దన్న.

ఇది చదివిన రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. కుంటిన గుర్రాన్ని ఆపడానికి ఒక వైద్యుడు నిలబడి ఉన్నాడు. నేను కుంటుతున్నప్పుడు ఇంకో నాలుగు కిలోమీటర్లే కదా అనుకుంటూ పోయాను. మడమ మొదట చెప్పిన మాట విని ఉంటే నాలుగు నెలలు నాలుగు వారాల్లో తేలేవని నా నమ్మకం.

మన నేల మీద దూరాలు పరుగెత్తినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. గోల్కొండ వజ్రాల కోసం మన వైపు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే తన యాత్రల పుస్తకాన్ని 1676లో అచ్చువేశాడు. అందులో ఉత్తరాలు మోసే హర్కారాల గురించి రాశాడు. గుర్రపు రౌతుకంటే కాలి మనిషే ముందు చేరేవాడట. కారణం ఏమిటంటే, రెండు లీగులకొక గుడిసె, అంటే సుమారు ఎనిమిది కిలోమీటర్లకొకటి. వచ్చినవాడు ఉత్తరాల కట్టను గుడిసె ముందు పడేస్తాడు. చేతికివ్వడం అపశకునం. అక్కడ కాచుకుని ఉన్నవాడు అది తీసుకుని పరుగందుకుంటాడు. చీకటి రాత్రుల్లో దారి తప్పకుండా బాట పక్కన రాళ్లకు ఊరివాళ్లు సున్నం వేసేవారు. ఆ కట్ట వందల కిలోమీటర్లు పోయేది. మనిషి మాత్రం ఎనిమిదితో ఆగేవాడు. ఇవాళ మేం చేసేది ఆ గుడిసెలన్నీ తీసేసి, కట్ట మొత్తం ఒక్కడి వీపునే పెట్టడం.

ఆగడం గురించి బాగా తెలిసినవాళ్లు పుస్తకాల్లో కాదు, మా పక్క బ్లాక్‌లోనే ఉన్నారు. విజయనగరం వైపు నుంచి సైన్యంలో చేరి, సుబేదారుగా రిటైరై యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్న పెద్దాయన. నిజాంకూ ఇంగ్లీషువాళ్లకూ 1798లో ఒప్పందం కుదిరిన తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వెలిశాయి. 1806లో ఆ చోటు నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయింది. అప్పటినుంచి ఈ వైపంతా దండు ప్రాంతమే, కనక ఇక్కడ ఏ వీధిలో చూసినా ఇలాంటి పెద్దాయన ఒకరుంటారు. ఒకరోజు గేటు దగ్గర నన్ను చూసి ఆగారు.

"ఏటి బాబూ, మళ్లీ కుంటుతున్నావు?"

"నరం పట్టేసిందండీ."

"రూట్ మార్చ్‌లో మాకు యాభై నిమిషాలు నడకయితే పది నిమిషాలు కూచోవడం. అలుపు రాలేదు సార్ అన్నా ఒప్పుకోరు. బూట్లిప్పి పాదాలు చూసుకోవాల."

"కొత్తగా చేరినవాళ్లకేనా అండీ?"

"అందరికీనూ. బాగా నడవగలిగినోడే ముందు చెడిపోతాడు."

ఆయన చెప్పింది వట్టి అనుభవం మాట కాదు. పరుగెత్తేవాళ్లను భయపెట్టే స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదట దొరికింది సైనికుల పాదాల్లోనే. 1855లో బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు దూరపు కవాతుల తర్వాత దెబ్బేదీ తగలకుండానే పాదాలు వాచి నొప్పిపెట్టడాన్ని రాసిపెట్టాడు. లోపల ఏముందో చూసే దారి అప్పటికి లేదు. 1895లో ఎక్స్‌రే వచ్చింది. రెండేళ్లకే, 1897లో, స్టెకోవ్ ఆ పాదాల ఫోటోలు తీసి వేళ్ల వెనక సన్నటి ఎముకల్లో పగుళ్లు చూపించాడు. దానికి మార్చ్ ఫ్రాక్చర్ అనే పేరు స్థిరపడింది.

ఎముక ఎందుకు పగులుతుందో తెలిస్తే మన తొందర మనకే తప్పనిపిస్తుంది. కొత్త బరువు పడగానే ఎముక గట్టిపడదు. పాత ఇల్లు బాగుచేసే మేస్త్రీలా ముందు శిథిలమైన భాగాన్ని తవ్వేస్తుంది. ఆ తవ్వకం వారాల పని, కొత్తది నింపి గట్టిపడడం నెలల పని. ఆ మధ్యకాలంలో ఎముక మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. గుండె, ఊపిరి నెలలోనే పుంజుకుంటాయి కనక ఇంకా పరుగెత్తగలం అనిపిస్తుంది. సుబేదారుగారి మాట అక్కడే నిజమవుతుంది.

వారానికి పది శాతం మించి దూరం పెంచొద్దనే సూత్రం కూడా ఈ భయంలోంచి పుట్టిందే. పరుగు పత్రికల్లో, పుస్తకాల్లో తిరిగి తిరిగి వేదవాక్యమైపోయింది. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొత్తగా పరుగు మొదలుపెట్టిన ఐదువందల మందికి పైగా తీసుకుని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నెమ్మదిగా పెంచే 13 వారాల పద్ధతి, ఇంకో జట్టుకు మామూలు 8 వారాల పద్ధతి. రెండు జట్లలోనూ ఇంచుమించు ఐదుగురిలో ఒకరు గాయపడ్డారు. దీన్నిబట్టి ఎంతైనా పెంచుకోవచ్చని నేననను. పది అనే అంకెలో మహిమ లేదనే అంటాను. నిద్ర చాలని వారం, ఆఫీసులో నలిగిపోయిన వారం ఐదు శాతం కూడా ఎక్కువే.

గుట్టల పరుగుకు ఇంకో బాధ ఉంది: దిగుడు. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు గానీ కండరానికి అంత నష్టం లేదు. దిగేటప్పుడు తొడ కండరం పొడవుగా సాగుతూనే ఒంటి బరువునంతా బ్రేకు వేసి ఆపాలి. లోపలి పోగులు చిట్లేది అప్పుడే. ఆ నొప్పి ఆ రోజు రాదు, ఒకటి రెండు రోజులకు వస్తుంది. థియొడోర్ హఫ్ 1902లోనే ఈ ఆలస్యపు నొప్పికి కారణం కండరంలో పడే చిన్న చిన్న చిరుగులని ఊహించాడు. మేలు కూడా అందులోనే ఉంది. ఒకసారి దిగుడుకు నలిగిన కండరం కొన్ని వారాలపాటు అదే పనికి అంత నలగదు. అందుకే పోటీకి ముందు గుట్ట దిగడం కొద్దికొద్దిగా అలవాటు చేస్తారు.

మరి గాయమైతే? మన ఇళ్లలో మొదట వినబడే మాట కట్టు. ఇప్పటి తిరుపతి జిల్లా పుత్తూరు దగ్గర కేశవరాజు 1881లో మొదలుపెట్టిన పసరు కట్టు ఇవాళ హైదరాబాద్ వీధి బోర్డుల మీద కూడా ఉంది. విరిగిన ఎముకను కదలనివ్వకూడదన్న తెలివి అందులో ఉంది. అమెరికాలో గేబ్ మర్కిన్ అనే డాక్టరు 1978లో విశ్రాంతి, ఐసు, బిగింపు కట్టు, కాలు ఎత్తున పెట్టడం అనే నాలుగు మాటల మందు చెప్పాడు. ఊరూరా పాకింది. 2014లో ఆయనే, వాపు కూడా మానే పనిలో భాగమని, ఐసు దాన్ని ఆలస్యం చేయొచ్చని రాశాడు. తను చెప్పినదాన్ని లోకమంతా నమ్ముతుండగా తనే దిద్దుకున్న ఆ మనిషంటే నాకు గౌరవం.

నా మడమకు దారి చూపింది స్వీడన్. అక్కడి ఉమెయోలో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరు, ఆయనా పరుగు మనిషే, ఆయనకూ ఇదే నరం పట్టేసింది. నొప్పిపెట్టే స్నాయువును పడుకోబెట్టకుండా దానికే పని చెప్పి చూశాడు. 1998లో ఆయన బృందం 15 మంది మీద ఫలితం ప్రకటించింది. 12 వారాల తర్వాత వాళ్లంతా మునుపటిలా పరుగెత్తగలిగారు. పద్ధతి చాలా సాదా. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడాలి, నొప్పి ఉన్న కాలి మడమను మెల్లగా మెట్టు కిందికి దించాలి, పైకి లేవడానికి మాత్రం మంచి కాలు వాడాలి. మోకాలు నిటారుగా 15 చొప్పున మూడుసార్లు, కాస్త వంచి మళ్లీ మూడుసార్లు, రోజుకు రెండు పూటలు. మొత్తం 180. నొప్పి తగ్గేకొద్దీ వీపున బరువు పెంచాలి.

మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని నేను చేసింది అదే. మూడో వారం దాకా ఏ మార్పూ లేదు. ఐదో వారం పొద్దున మంచం దిగి వంటింటి దాకా వచ్చేశాక గానీ, గోడ పట్టుకోలేదని గుర్తు రాలేదు. తర్వాత పిల్లవాడి స్కూలు బ్యాగులో పుస్తకాలు నింపి తగిలించుకుని దించాను. సుబేదారుగారు పాలప్యాకెట్టుతో పైకెక్కుతూ "ఎన్నైనాయి?" అని అడిగేవారు, నేను అంకె చెప్పేవాణ్ని.

మొన్న ఆదివారం మళ్లీ మొరంబాటకు పోయాను. యాభై నిమిషాలయ్యాక వాచీ చూసుకుని, అలుపు లేకపోయినా, బండ మీద కూర్చుని ఎడమ బూటు విప్పాను. మడమ వెనక స్నాయువును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పైనుంచి కిందికి నొక్కి చూశాను. ఒక్కచోట, చిటికెనవేలి గోరంత మేర, ఇంకా కొద్దిగా సలిపింది. మా బ్యాచ్ వాళ్లు అప్పటికే గుట్ట దిగువకు పరుగు తీశారు. బూటు కట్టుకుని, ఆ దిగుడంతా నడిచే దిగాను.