బోర్డు మీద ఎవరి పేరు? లోగోలో దాగిన కులం

తిరుపతి, చిత్తూరు బజార్లలో బోర్డులు చదువుతూ నడిస్తే రెండు రకాల పేర్లు పదే పదే ఎదురవుతాయి. ఒకటి దేవుళ్లవి: శ్రీనివాస, బాలాజీ, పద్మావతి. పక్కనే నామమో, శంఖుచక్రాలో ఉంటాయి. రెండోది కులాలవి: రెడ్డి, నాయుడు అని చేర్చుకున్న హోటళ్లు, మెస్‌లు. వీటిని ఎవరూ కుల ప్రచారం అనరు, రుచికి గుర్తు అంటారు. మాల, మాదిగ అని రాసుకున్న టిఫిన్ సెంటర్ మాత్రం అరుదు.

లోగో అంటే వ్యాపారాన్నో సంఘాన్నో చూడగానే గుర్తుపట్టించే బొమ్మ, రంగు, అక్షరాల తీరు. అంటరానితనం కూడా మనిషిని గుర్తుపట్టడంతోనే మొదలవుతుంది. కులం తెలిస్తే గిరాకీ పోతుందనే భయం తిండి వ్యాపారంలో మరీ ఎక్కువ. అందుకే దళిత వ్యాపారికి లోగో ఆత్మగౌరవం, బతుకుతెరువు రెండూ ముడిపడిన ప్రశ్న.

ఉద్యమాలు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పాయి. 1942లో అంబేడ్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ 1951-52 ఎన్నికల్లో ఏనుగు గుర్తుపై పోటీ చేసింది. 1984లో పుట్టిన బీఎస్పీ గుర్తు కూడా ఏనుగే అయింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి, ఊరి చాటింపు అనే కుల చాకిరీనే 'దండోరా'గా, పోరాటం పేరుగా మార్చుకుంది.

వ్యాపారంలోనూ ఆ దారి పట్టినవాళ్లున్నారు. చంద్రభాన్ ప్రసాద్ 2016లో 'దళిత్ ఫుడ్స్' పేరుతో మసాలాలు, పచ్చళ్లు అమ్మకానికి పెట్టారు. ముంబయిలో సుధీర్ రాజ్‌భర్ తన సంచుల బ్రాండుకు 'చమార్ స్టూడియో' అని పేరు పెట్టారు.

పేరు విలువ తిరుపతికి కొత్త కాదు. తిరుపతి లడ్డూకు 2009లోనే టీటీడీ పేరున భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిన్న సంఘాలు, దుకాణాలు కూడా తమ గుర్తును కాపాడుకోవచ్చు. అందుకు కొన్ని జాగ్రత్తలు:

• జాతీయ జెండా, నాలుగు సింహాల ముద్ర, జెండాలోని అశోక చక్రం వ్యాపార గుర్తుగా వాడకూడదు. 1950 నాటి చిహ్నాల చట్టం దీన్ని నిషేధిస్తుంది. నీలం రంగు, డప్పు, బోధి ఆకు వాడుకోవడానికి అడ్డు లేదు.

• డబ్బులిచ్చి గీయించినంత మాత్రాన లోగో మనదైపోదు. బయటి డిజైనర్ గీస్తే, కాపీరైట్ బదిలీ చేస్తున్నట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి.

• ఫ్లెక్సీ షాపులో జేపెగ్‌తో సరిపెట్టుకోవద్దు. పెద్ద బోర్డుకు అది మసకబారుతుంది. కోరల్‌డ్రా అసలు ఫైలు అడగాలి.

• వ్యక్తులు, చిన్న సంస్థలు ఒక తరగతి సరుకుకు ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలతో ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు చేయవచ్చు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు.

కులాన్ని బోర్డుకెక్కించాలా వద్దా అన్నది ఆ దుకాణం నడిపే మనిషి తేల్చుకోవాలి. గిరాకీ పోతే నష్టపోయేది వాళ్లే. డిజైనర్ అడక్కుండానే వేంకటేశ్వరుడి నామం పెట్టేస్తే, ఆ నిర్ణయం వాళ్ల చేతిలోంచి లాగేసుకున్నట్టే.