ఇందూరు కల్లు, మాత్రల మత్తు

ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాద్ జిల్లాలో కల్లు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. చెట్టు నుంచి దిగే కల్లు ఒకటి, దుకాణాలకు సరఫరా చేసే డిపో నుంచి వచ్చే కల్లు మరొకటి. రంగు తెల్లనే, నురగ తెల్లనే, సీసా కూడా ఒకటే. మనిషి ఒంట్లోకి పోయాక మాత్రం రెండూ చేసే పని వేరు. ఆ తేడా తెలియకపోవడం వల్లనే ఈ ప్రాంతంలో మత్తు గురించి ఎన్నో అపోహలు పుట్టాయి.

చెట్టు కల్లు కథ సులువైనది. ఈత చెట్టు కాండాన్ని తల దగ్గర చెక్కి, లేదా తాటి గెల కొసను గీసి లొట్టి కడితే అందులోకి తియ్యటి రసం ఊరుతుంది. ఊరుతున్నప్పుడే గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు, బ్యాక్టీరియా పని మొదలుపెట్టి చక్కెరను మద్యసారంగా మారుస్తాయి. కొన్ని గంటల్లో మద్యసారం నాలుగైదు శాతానికి చేరుతుంది. ఒకరోజు గడిస్తే పులుపెక్కి సిర్కా దారి పడుతుంది. లొట్టి లోపల సున్నం రాసి పులియకుండా ఆపితే అదే నీరా. అంటే చెట్టు కల్లు నిలవ ఉండే సరుకు కాదు, దూరం పోయే సరుకు అంతకన్నా కాదు. పొద్దున దింపింది పొద్దుగూకేలోగా అయిపోవాలి. మోకు ముస్తాదుతో చెట్టెక్కే గౌండ్లవారు, చెట్టు కిందనే రేకుల్లో పోయించుకుని తాగే ఊరి జనం, ఎల్లమ్మకు సాక పోసే పండుగలు, గీత వృత్తిని కాచే కాటమయ్య, ఇవన్నీ ఆ ఒక్కరోజు గడువు చుట్టూ అల్లుకున్న ఆచారాలు.

నిజాం రాజ్యంలో కల్లు ఖజానాకు పెద్ద ఆదాయ వనరు. భూమి శిస్తు తర్వాత చెప్పుకోదగ్గ రాబడి ఆబ్కారీదే. చెట్టుకు పన్ను ఉండేది, అమ్మకానికి వేలం ఉండేది, వేలం పాడుకున్న ముస్తేదారు ఉండేవాడు. చెట్టెక్కేవాడు ఒకరు, లాభం లెక్కపెట్టేవాడు మరొకరు అనే ఏర్పాటు అప్పటిదే. తర్వాతి ప్రభుత్వాలు గీత కార్మికుల సహకార సంఘాలు పెట్టాయి, గీసేవాడికే చెట్టు అనే పథకాన్నీ తెచ్చాయి. వాటితో ఊళ్లలో కొంత మార్పు వచ్చింది. పట్టణాల్లో మాత్రం ముస్తేదారు మాట పోలేదు.

నిజాం కాలంలోనే నేల తీరు కూడా మారింది. మంజీరపై నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని కింద 2,75,000 ఎకరాల ఆయకట్టు ఏర్పడింది. నీళ్లు వచ్చినచోట చెరుకు వచ్చింది. చెరుకు వచ్చాక 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దానికి అనుబంధంగా మొలాసిస్ నుంచి మద్యసారం తీసే డిస్టిలరీ కూడా వచ్చింది. ఫ్యాక్టరీ కూలి, చెరుకు నరికే కూలి, నిజామాబాద్ బీడీ కార్ఖానాల కూలి, ఇలా రోజూ డబ్బు చేతికొచ్చే కుటుంబాలు పెరిగాయి. వాళ్లకు సాయంత్రం కావలసిన కల్లూ పెరిగింది. మరోవైపు ఈత చెట్లు మొలిచే గట్లు, బంజర్లు, వాగు ఒడ్లు వరి మళ్లుగా, చెరుకు తోటలుగా మారుతూ పోయాయి. ఈత చెట్టు ఎక్కువగా చలికాలంలో, తాడి ఎండాకాలంలో కల్లు ఇస్తాయి. తాగేవాడి దాహానికి మాత్రం కాలభేదం లేదు. చెట్లు ఇచ్చే కల్లుకూ పట్టణం తాగే కల్లుకూ మధ్య ఏర్పడిన ఆ ఖాళీని డిపో నింపింది.

సారా సంగతీ ఇందులో కలిసింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం పెరిగి, 1993 అక్టోబరు 1న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ నిషేధం కల్లుకు వర్తించలేదు. కూలివాడి జేబుకు అందే మత్తుగా చట్టబద్ధంగా మిగిలింది కల్లే.

డిపోలో తయారయ్యేదాన్ని కల్లు అనడం అలవాటు కొద్దీ అనడమే. అసలు కల్లు కొంచెం, నీళ్లు చాలా, తీపికి శాక్రిన్, పులుపుకు నిమ్మ ఉప్పు, నురగకు కుంకుడు రసం. ఇంతవరకు అది మోసం మాత్రమే. నీళ్లు కలిస్తే మత్తు తగ్గుతుంది, తగ్గితే గిరాకీ పోతుంది. అందుకని మత్తును వేరుగా కొని తెచ్చి కలిపారు. మొదట వచ్చినవి క్లోరల్ హైడ్రేట్, డైజీపాం. ఆ తర్వాత ఆల్ప్రజోలం చేరింది. జనం నోట మొదటిది సీహెచ్, రెండోది డైజోఫాం, మూడోది ఆల్ఫ్రా.

ఈ మూడింటికీ వైద్యంలో గౌరవమైన పుట్టుకే ఉంది. క్లోరల్ హైడ్రేట్‌ను 1832లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ క్లోరిన్, మద్యసారంతో తయారుచేశాడు. 1869లో లీబ్రైష్ అది నిద్రమందుగా పనికొస్తుందని చూపాడు. డైజీపాంను లియో స్టెర్న్‌బాక్ రోష్ కంపెనీలో రూపొందించాడు, 1963లో వేలియం పేరుతో బజారుకొచ్చింది. ఆల్ప్రజోలంకు అమెరికాలో 1981లో అనుమతి దొరికింది. ఆందోళనకు డాక్టరు రాసే ఆల్ప్రజోలం మాత్ర పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము ఉంటుంది. అర మిల్లీగ్రాము ఆల్ప్రజోలం సుమారు పది మిల్లీగ్రాముల డైజీపాంతో సమానం. వ్యాపారం దీనివైపు మొగ్గడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. దాచడం తేలిక, మోయడం తేలిక, చిటికెడు పొడి వీధికంతా సరిపోతుంది. అంత చిన్న మోతాదును పెద్ద తొట్టిలో కర్రతో కలిపినప్పుడు ఏ సీసాలోకి ఎంత పోతుందో కలిపేవాడికే తెలియదు. ఒకే డిపో కల్లు తాగి ఒకరు ఇంటికి నడిచిపోవడం, మరొకరు సోయి తప్పి పడిపోవడం ఇందువల్లనే.

ఈ మందులు మెదడులో గాబా అనే నిదాన రసాయనం పనిని పెంచుతాయి. మద్యసారం చేసేదీ చాలావరకు అదే పని. రెండూ కలిస్తే మత్తు కూడిక లెక్కలో పెరగదు, అంతకు మించి పెరుగుతుంది. మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, జ్ఞాపకం చెదురుతుంది. మోతాదు మించితే శ్వాస నెమ్మదించి ఆగిపోవచ్చు. క్లోరల్ హైడ్రేట్ అయితే గుండె లయనూ దెబ్బతీస్తుంది.

డిపో కల్లుకు అలవాటుపడినవాళ్లలో కనిపించే భ్రమలు మాత్రం తాగినంతకాలం వీటివల్ల సాధారణంగా రావు. భ్రమలు వచ్చేది మానినప్పుడు. నిజామాబాద్ కల్లు విషయంలో జనానికి అర్థం కాని సంగతి ఇదే. అర్థం కాకపోవడం తప్పేమీ కాదు, ఎందుకంటే అది మామూలు బుద్ధికి తలకిందులుగా కనిపిస్తుంది. నెలల తరబడి బయటి నుంచి నిదానం అందుతూ ఉంటే మెదడు తన సొంత నిదానాన్ని తగ్గించుకుంటుంది, ఉద్రేకాన్ని పెంచుకుని సరితూకం చేసుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆగిపోతే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. మొదట చేతుల వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం. తర్వాత ఫిట్స్, నాలుక కొరుక్కోవడం. ఆపై లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నట్టు, లేని మనుషులు పిలుస్తున్నట్టు తోచడం, అయినవాళ్లను గుర్తుపట్టకపోవడం. ఆల్ప్రజోలం ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి దాని లక్షణాలు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతాయి. డైజీపాం నెమ్మదిగా పోతుంది కాబట్టి చాలా రోజుల తర్వాత కూడా మొదలవచ్చు.

ఇది పుస్తకాల్లోంచి జిల్లా మీదికి దిగివచ్చిన సంవత్సరం 2015. ఆ సెప్టెంబరులో ఆబ్కారీ శాఖ కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసింది. డిపోలు మూతపడ్డాయి, లేదా మందు లేని కల్లు అమ్మాయి. కొద్ది రోజుల్లోనే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు వందలమంది వచ్చారు. కొందరు మంచానికి కట్టేస్తే తప్ప నిలవని స్థితిలో ఉన్నారు, కొందరు చనిపోయారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. కల్లును సారాలా కాక ఇంటి పానీయంగా చూసే ప్రాంతం కదా. దాడులు చేయడం తప్పు కాదు. దాడికి ముందు ఆసుపత్రులను సిద్ధం చేయకపోవడం తప్పు.  2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇదే కథ మళ్లీ నడిచింది. ఈసారి కల్లుతోపాటు మద్యమూ ఆగింది, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు జనం బారులు తీరారు.

ఈ లక్షణాలకు ఊళ్లలో పుట్టిన వివరణలు రెండు రకాలు. గాలి సోకిందనీ, చేతబడి జరిగిందనీ అనేది పాత వివరణ. ఒంటికి కల్లు పడాలి, పడకపోతే నరాలు లాగేస్తాయి, కాబట్టి కల్లే దానికి మందు అనేది రెండోది. రెండోది మరింత ప్రమాదకరం, ఎందుకంటే అది సగం నిజం. సీసా తాగగానే వణుకు తగ్గుతుంది. తగ్గించింది కల్లు కాదు, అందులోని మాత్ర. స్వచ్ఛమైన ఈత కల్లు తాగేవాడు మానేస్తే ఇంత తీవ్రమైన స్థితి మామూలుగా రాదు. కేవలం నాలుగైదు శాతం మద్యసారం ఉన్న పానీయాన్ని మానిన మనిషికి మూడో రోజున ఫిట్స్ వచ్చాయంటే ఆ పానీయంలో మరేదో ఉందని అనుమానించాలి.

భ్రమలు కలిగించే పదార్థాలన్నిటినీ ఒక్క గాటన కట్టడం మరో పొరపాటు. పాతకాలంలో మత్తు పెంచడానికి కల్లులో, భంగులో ఉమ్మెత్త గింజలు కలిపేవారు. 1893–94లో పనిచేసిన భారత గంజాయి విచారణ సంఘం కూడా ఉమ్మెత్త కలపడాన్ని గమనించింది. ఉమ్మెత్త మత్తులో భ్రమలు తాగినప్పుడే వస్తాయి. నోరు ఎండిపోతుంది, కంటిపాపలు విప్పారతాయి, ఒళ్లు కాలుతుంది, మనిషి తాను భ్రమలో ఉన్నానన్న సంగతే మరిచిపోతాడు. ఎల్ఎస్‌డీ, కొన్ని పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ మూడో రకం. 1943లో స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఎల్ఎస్‌డీ ప్రభావాన్ని తన ఒంటి మీదే కనుగొన్నాడు. దానితో రంగులు, రూపాలు మారి కనిపిస్తాయి, రక్తపోటు, నాడి కొంత పెరుగుతాయి, కానీ ఒంటికి బానిసత్వం పట్టదు. వరసగా కొన్ని రోజులు వాడితే అసలు పనిచేయడమే తగ్గిపోతుంది. 1967లో అది క్రోమోజోములను విరగ్గొడుతుందని ఒక పరిశోధన పత్రం రావడంతో ప్రపంచమంతా భయం వ్యాపించింది. 1971లో అధ్యయనాలన్నిటినీ సమీక్షించినప్పుడు మామూలు మోతాదులకు ఆ ఆరోపణ నిలవలేదు. మనసు మీద దెబ్బ, ఆ స్థితిలో జరిగే ప్రమాదాలు మాత్రం నిజమే.

పడమటి దేశాల్లో ఎల్ఎస్‌డీ ఒంటికి చేసే హానిని జనం ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకున్నారు. ఇందూరులో దీనికి ఎదురు జరిగింది. పేరు వింటేనే భయపడే మత్తుపదార్థాలను దూరం పెట్టి, మానినప్పుడు ప్రాణం తీయగల నిద్రమాత్రను ఇంట్లో పెద్దలే చిన్న సీసాల్లో తెచ్చుకుని తాగారు. దాన్ని మత్తుమందు అని ఎవరూ అనుకోలేదు, కల్లే అనుకున్నారు.

చట్టం దీన్ని ఎప్పుడో గుర్తించింది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద డైజీపాం, ఆల్ప్రజోలం రెండూ నియంత్రిత పదార్థాలే. ఆల్ప్రజోలం వంద గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది, శిక్ష పదేళ్లకు తగ్గదు. అయినా సరఫరా ఆగలేదు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి పదులమంది ఆసుపత్రి పాలయ్యారు. జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి. సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో ఒక బడి భవనంలోనే ఆల్ప్రజోలం తయారుచేస్తున్న గుట్టు బయటపడింది, ఆ సరుకు వెళ్లేది కల్లు డిపోలకే.

చికిత్సలో కొత్తదనమేమీ లేదు. ఆసుపత్రిలో డైజీపాం వంటి మందునే లెక్క ప్రకారం ఇచ్చి, రోజులు వారాల మీద మెల్లగా తగ్గిస్తారు, విటమిన్ బి1 ఇస్తారు, ఫిట్స్ రాకుండా కాపు కాస్తారు. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం ప్రాణాపాయం. రోజూ డిపో కల్లు తాగే మనిషిని వణుకుతోనో ఫిట్స్‌తోనో ఆసుపత్రికి తెచ్చినవాళ్లు, కల్లు అలవాటు సంగతి దాచకుండా, చివరి సీసా ఏ రోజు తాగాడో డాక్టరుకు ముందుగా చెప్పాలి.