గుండెపోటు తిరగబెడుతుందన్న భయం: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• గుండెజబ్బు తిరగబెడుతుందన్న భయానికి, ఆయా కాలాల వైద్యానికి గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• సీలేరు వంటి మన్యప్రాంతంలో ఆ భయానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

రాజ్యాలకు, శిస్తులకు ఉన్నట్లే భయానికీ చరిత్ర ఉంటుంది. ఒకసారి గుండెపోటు వచ్చి కోలుకున్న వృద్ధుల్లో చాలామంది అది మళ్లీ వస్తుందేమోనని భయపడతారు. మెట్లెక్కరు, పొలం వైపు వెళ్లరు, ఒంటరిగా పడుకోరు. ఇంట్లోవాళ్లు దీన్ని 'బెంగ' అంటారు. ఇది కేవలం మనసు బలహీనతేనా? చరిత్ర ఏం చెబుతుందో చూద్దాం.

2. మంచం పట్టించిన వైద్యం

గుండె రక్తనాళంలో గడ్డకడితే ప్రాణం వెంటనే పోతుందని ఒకప్పుడు వైద్యులు భావించేవారు. రోగి బతకవచ్చని 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ చూపాడు. బతికినవారు ఆ తరవాత ఎలా జీవించాలన్న ప్రశ్న అప్పటి నుంచే ముఖ్యమైంది. వైద్యులు చెప్పిన జవాబు విశ్రాంతి. రోగిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. కదిలితే ప్రమాదమని అన్నాళ్లు విన్న మనిషి ఇంటికి వెళ్లాక కూడా కదలడానికి జంకుతాడు. అంటే వైద్యుడి జాగ్రత్తే రోగికి భయంగా మారింది.

1952లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ రోగులను తొందరగా లేపి కుర్చీలో కూర్చోబెట్టడం మేలని ప్రకటించారు. 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు 64వ ఏట గుండెపోటు వచ్చింది. ఆయన మళ్లీ విధుల్లో చేరారు, 1956 ఎన్నికల్లో గెలిచారు, 1969 వరకు జీవించారు. గుండెపోటు తరవాత కూడా పనిచేయవచ్చని లోకం కళ్లారా చూసింది.

3. గంటల లెక్క

1986లో ఇటలీలో జరిగిన 'గిస్సీ' పరిశోధన మరో మార్పు తెచ్చింది. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ మందును ఎంత తొందరగా ఇస్తే అంత మేలని తేలింది. రోగికి ఇది ఆశాజనకమైన వార్త. కానీ ఆసుపత్రికి దూరంగా ఉన్నవారికి ఇదే కొత్త భయం కూడా. ఇప్పుడు వారిని పోటుతోపాటు దారి కూడా భయపెడుతుంది.

4. సీలేరు

అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలోని సీలేరు జలవిద్యుత్ కేంద్రానికి ప్రసిద్ధి. ఇక్కడి కరెంటు మైదానాలకు క్షణంలో చేరుతుంది. ఇక్కడి రోగి మాత్రం ఘాట్ రోడ్డు మీదుగా చింతపల్లి, నర్సీపట్నం దాటి విశాఖపట్నం వెళ్లాలి. మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి రోగిని ముందుగా డోలీలో మోసుకురావాలి. అక్కడి వృద్ధుడు "రాత్రిపూట వస్తే ఎలా?" అని అడిగితే అది ఉత్త బెంగ కాదని గమనించండి.

గుండెజబ్బు పట్నాలకే పరిమితమన్న అభిప్రాయం కూడా సరికాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను పరిశీలించగా, సుమారు 32 శాతానికి గుండె, రక్తప్రసరణ సంబంధ వ్యాధులే కారణమని తేలింది. ఇవి మైదాన గ్రామాల లెక్కలు.

2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాయి. మొదటిది దూరాన్ని, రెండవది ఖర్చును ఎదుర్కొనే ప్రయత్నం. మనసు సంగతి మిగిలింది. మన దేశంలో 24 కేంద్రాల్లో గుండెపోటు రోగులకు యోగా ఆధారిత శిక్షణ ఇచ్చి చూశారు. 2020లో ఫలితాలు వెలువడ్డాయి. గుండెపోట్లు, మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గినట్లు రుజువు కాలేదు. కానీ శిక్షణ పొందినవారు మునుపటి పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్లగలిగారు.

5. సారాంశం

జబ్బు తిరగబెడుతుందన్న భయంలో కొంత పాత వైద్యం మిగిల్చినది, కొంత దూరం పుట్టించినది. మొదటిదాన్ని వైద్యుడి సలహాతో నడక, పని తగ్గిస్తాయి. రెండవదాన్ని ధైర్యవచనాలు తగ్గించలేవు. దానికి రోడ్డు, అంబులెన్సు, దగ్గరలో మందు కావాలి. ఛాతీనొప్పి వచ్చినప్పుడు మాత్రం బెంగ అని తోసిపుచ్చక వెంటనే వైద్యసహాయం కోరాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మంచం విశ్రాంతి రోగుల భయాన్ని ఎలా పెంచింది?
2. 1986 తరవాత దూరం ఎందుకు భయకారణమైంది?
3. మీ ఊరిలో గుండెపోటు నుంచి కోలుకున్న ఒక పెద్దవారితో, వారి అనుమతితో మాట్లాడండి. వారి భయంలో జబ్బు పాలెంత, దారి పాలెంత అన్నది పది వాక్యాల్లో రాయండి.