అగస్టీను లేఖలయందు శత్రుక్షమ

కీడు చేసినవానికిఁ గీడు సేయరాదను క్రీస్తుబోధ రాజ్యపాలనమునకు సరిపడునా యను సంశయము క్రొత్తది కాదు. క్రీ. శ. 412 ప్రాంతమున రోమక సామ్రాజ్యాధికారి యగు మార్సెల్లీనుఁడు ఈ యాక్షేపమునే హిప్పో నగరపు బిషప్పగు అగస్టీనునకు వ్రాసి సమాధానము గోరెను. హిప్పో యనఁగా నేఁటి అల్జీరియా దేశములోని అన్నబా. 'దేవుని నగరము' అను మహాగ్రంథమునకుఁ గృతిభర్త యీ మార్సెల్లీనుఁడే. చిత్రమేమనఁగా, ప్రశ్న నడిగిన యా యధికారి చేతికే, ఇంచుమించుగా నా కాలముననే, ఆ బోధకుఁ బరీక్ష యనఁదగిన నేరవిచారణ యొకటి వచ్చెను.

ఆఫ్రికా క్రైస్తవసంఘ మప్పటికి నూఱేండ్లుగా రెండుగాఁ జీలియుండెను. 303వ సంవత్సరమున డయోక్లీషియను చక్రవర్తి యారంభించిన హింసకు వెఱచి వేదగ్రంథములను అధికారుల కప్పగించినవారు గురుత్వమునకుఁ దగరని పట్టుపట్టినవారు దొనాతీయులు. 411 జూను నెలలో కార్తేజి నగరమున ఇరుపక్షముల బిషప్పులు ఐదువందలకు మించి కూడి వాదించిరి. తీర్పరి మార్సెల్లీనుఁడు, తీర్పు దొనాతీయులకుఁ బ్రతికూలము.

ఆ పక్షపు గురువులు కొందఱును, సర్కంసెల్లియను లనఁబడు వారి యనుచరులును, రెస్టిట్యూటుఁడను ప్రతిపక్షగురువును జంపిరి. ఇన్నోసెంతియుఁడను వేఱొకని కన్నుఁ బెఱికి వ్రేలు నఱికిరి. విచారణయందు నేర మొప్పుకొనిరి.

అగస్టీను వెంటనే లేఖ వ్రాసెను. వారిని విడిచిపెట్టుమని కాదు. ఇచ్చట మనము జాగ్రత్తగాఁ జదువవలెను. మరల నేరము సేయ వీలులేకుండ నిర్బంధింపవచ్చును, ప్రయోజనకరమైన పనిలోఁ బెట్టవచ్చును. ప్రాణము మాత్రము తీయరాదు, కన్నునకుఁ గన్ను పెఱుకరాదని యాతని కోరిక. నేర మొప్పించుటకుఁ గొయ్యగుఱ్ఱమును, ఇనుపకొక్కెములను, నిప్పును వాడక బెత్తములతో సరిపెట్టినందుకు మార్సెల్లీనుని మెచ్చుకొనినాఁడు. ఈ మెప్పు మనకు వింతగాఁ దోఁచును. ఆనాఁటి న్యాయస్థానముల రీతి నెఱిఁగినవారి కట్లు తోఁపదు. మార్సెల్లీనుని సోదరుఁడును ఆఫ్రికా ప్రొకాన్సలు నగు అప్రింగియునకు వేఱొక లేఖ. అతఁడు వినకున్నచో నేరస్థులను జెఱలోనే నిలిపియుంచుఁడు, చక్రవర్తినే వేఁడుదునని మఱియొక లేఖ. ఉత్తర ఇటలీలోని అనౌనియాయందు 397లో గురువులను జంపినవారికి మరణదండనము తప్పిన సంగతిని అందు నిదర్శనముగాఁ జూపెను. హతసాక్షుల కీర్తికి శత్రువుల నెత్తురు మైల యని యాతని భావము.

మన పండితులకు భాగవతమున ద్రౌపది యశ్వత్థామను విడిపించిన ఘట్టము స్ఫురింపక మానదు. అచ్చటను బ్రాణము దక్కినది, శిరోమణి పోయినది. కాని ద్రౌపది బిడ్డలను గోల్పోయిన తల్లి. అగస్టీను కన్ను గోల్పోయినవాఁడు గాఁడు. ఒరుల గాయమును క్షమించుట కాతని కధికార మెక్కడిదని యడుగవచ్చును. ఆతఁడు సంఘము పేరిట వేఁడెనని మాత్రమే చెప్పఁగలము.

మార్సెల్లీనుని సంశయమునకు వ్రాసిన దీర్ఘోత్తరమున, తండ్రి కుమారుని దండించునట్లు ప్రేమ చెడకుండ దండింపవచ్చునని యాతఁడు వాదించెను. వినుట కింపైన వాదమే, అపాయమును గలదు. 408 నాఁటికే దొనాతీయులను రాజశాసనబలమున సంఘములోఁ జేర్చుట నాతఁడు సమర్థించియుండెను. 417 ప్రాంతమున సేనాని బోనిఫాసునకు వ్రాసిన లేఖయందును అదియే వాదము. ప్రాణము తీయరాదు, బలవంతము సేయవచ్చును: ఇదియే యాతని క్షమకుఁ బొలిమేర. తరువాతి కాలపు మతవిచారణకర్తలలోఁ బెక్కండ్రు రెండవమాటఁ బట్టుకొని మొదటిమాటను విడిచిరి.

413లో హెరాక్లియనుని తిరుగుబాటణఁగిన పిదప, అందుఁ బాలుగల వారను నింద మోపి, సేనాధిపతి మరీనుఁడు మార్సెల్లీనుని, అప్రింగియునిఁ జెఱఁ బెట్టెను. మునుపు వీరిని శత్రువులకై వేఁడిన అగస్టీను ఈమాఱు వీరికై మరీనుని వేఁడెను. రాజసభకు నొక బిషప్పు రాయబారిగా వెడలెను. ఆతఁడు తిరిగి రాకమునుపే, సెప్టెంబరు 13వ తేదీన, కార్తేజియందు సోదరు లిరువురును శిరశ్ఛేదము నొందిరి. మఱుసటి యేఁట హొనోరియసు చక్రవర్తి మార్సెల్లీనుని గౌరవముతో స్మరించి, యాతని తీర్పులు చెల్లునని శాసించెను. అగస్టీను మాత్ర మా హత్య జరిగిన వెంటనే కార్తేజిని విడిచిపోయెను. ఆలయమున శరణుజొచ్చినవారి ప్రాణములకై ఆ మరీనుని యెదుటనే మరలఁ దల వంపవలసివచ్చునని తాను వెఱచితినని, కెసిలియానుఁడను నధికారికి వ్రాసిన లేఖలో నాతఁడే యొప్పుకొనెను.